దాచిపెట్టిన రిటర్న్

ఉరవకొండలో మేడమీది గదిలో అద్దెకుంటూ, బోరు మోటర్లను నడిపే చిన్న పెట్టెకు సీ భాషలో ప్రోగ్రాం రాసేవాణ్ణి. బోరులో నీళ్లు అయిపోగానే మోటరును ఆపడం దాని పని. ఇక్కడి రైతులు స్టార్టరును ఆటోలో పెట్టి వెళ్లిపోతారు. కరెంటు వచ్చినప్పుడు మోటరు దానంతటదే తిరుగుతుంది, పక్కన మనిషి ఉండడు.

రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఒక్కరే. మా కంపెనీలోనే పనిచేసే ముదిగుబ్బ అక్క; సొంతూరి పేరుతోనే అలా పిలిచేవాణ్ణి. బెంగళూరులో ఉంటూ నా కోడు చదివి తప్పులు పట్టేది. మా గొడవంతా మాక్రోల మీదే. సీలో ఏ పని చెప్పినా, అయిందా లేదా అని ప్రతిసారీ మనమే ‘ఇఫ్’ రాసి అడగాలి. అడిగి అడిగి విసుగొచ్చి, ఆ అడగడాన్నంతా ఒక మాక్రోలో, అంటే కోడు ముక్కకు పెట్టుకునే పొట్టిపేరులో, పెట్టేశాను. ఒక్క పదం రాస్తే చాలు, పని చెడినప్పుడు ఫంక్షన్ అక్కడినుంచే ‘రిటర్న్’ అయి, మిగతా లైన్లు వదిలేసి బయటికి వచ్చేస్తుంది.

“లైను లైనుకూ ఇఫ్ రాస్తే అసలు పని యాడ కనపడతాదక్కా?” అన్నాను ఫోనులో.

“ఏమప్పా, బయటికి పోయే దావ దాచిపెడితే చదివేవానికెట్ల తెలుస్తాది? రిటర్న్ కంటికి కనపడల్ల.”

వారాల తరబడి ఇదే. నిజం చెప్పాలంటే ఆ గొడవే నాకు తోడు. కానీ నా నోటి దురుసు ఊరుకోదు కదా. ఒకరోజు కోడు కింద వ్యాఖ్యల్లో, అందరూ చూసేచోట, “చదవడం రానివాళ్ల కోసం నేను రాయను” అని పెట్టాను. “సరే, నీ ఇష్టం” అని రాసి అక్క ఆ కోడును ఆమోదించింది. ఆ తర్వాత ఫోను చేయలేదు.

నెల తిరక్కముందే ఒక రైతు పిలిచాడు.

“మోటరు కాలిపాయెనన్నా. నీ పెట్టె ఊరికే చూస్తాండాది.”

నీళ్లను కనిపెట్టే తీగను ఉడుత కొరికింది. ఆ లోపం తగలగానే నా మాక్రో బుద్ధిగా బయటికి వచ్చేసింది. మోటరును ఆపే లైను దాని కింద ఉంది; అక్కడిదాకా పోనేలేదు, నీళ్లు అయిపోయినా మోటరు తిరుగుతూనే ఉంది. చేని గట్టున కూర్చొని మూడుసార్లు చదివితే గానీ నేను రాసింది నాకే అర్థం కాలేదు. రైతు కాలిన మోటరు కోసం పైపులు పైకి లాగిస్తున్నాడు. చచ్చేంత సిగ్గేసింది.

గదికొచ్చి, అక్క చెప్పినట్టే ప్రతి ఇఫ్ విప్పి రాశాను. తప్పు నాదేనని ఒక వాక్యం రాసి, మళ్లీ చెరిపేశాను. కోడును పరీక్షించే ఫైలులో మాత్రం, ఎవరికీ హాని లేని చోట, ఒక మాక్రోను కావాలనే వదిలాను. అక్క చూసి తిడుతుందని ఆశపడి పంపాను.

మధ్యాహ్నానికి అక్క ఆమోదం వచ్చింది. కింద ఒక్క మాటా లేదు.

రెండు రోజులు చూసి, ఆ మాక్రోను నేనే తీసేశాను.