కుక్క నీళ్లు తాగింది

వెల్దుర్తి చుట్టుపక్కల పల్లెల్లో రజియా సిస్టరును ఎరగని గడప లేదు. గురజాల వెల్డింగు మేస్త్రి కూతురు. పందొమ్మిదేళ్లుగా ఇక్కడే సూదులు వేస్తోంది. మనిషిలో జాలి నిండుగా ఉంది, మొహమాటం చుక్క కూడా లేదు. నాకు నచ్చేది ఆ రెండోదే.

మొన్న పత్తి తీతల రోజుల్లో వీరరాఘవమ్మ పిక్కను ఇంటి కుక్కే పట్టుకుంది. ఆమె భర్త చెన్నకేశవరావు రెండుసార్లు సర్పంచి, అన్నీ తెలిసిన మనిషి. పిచ్చికుక్క జబ్బు పేరేంటో ఫోనులో చూశాడు. హైడ్రోఫోబియా: హైడ్రో అంటే నీళ్లు, ఫోబియా అంటే భయం. ఇంకేం, కుక్కను గొలుసుతో కట్టి బేసినుతో నీళ్లు పెట్టాడు. అది గటగటా తాగింది. దాంతో పిచ్చి లేదని తీర్పు చెప్పి, భార్య గాయానికి ఇంత కారం అద్దాడు.

సంగతి తెలిసి రజియా మధ్యాహ్నానికల్లా వచ్చింది.

"ఏంది బాబాయ్, పిన్నిని ఆసుపత్రికి తీసుకుపోలేదంట?"

"కుక్కకు నీళ్లంటే భయం లేదమ్మాయ్. నా కళ్లతో చూశా."

"నీళ్లకు భయపడేది కుక్క కాదు బాబాయ్, మనిషి. ఆ పేరు మనకొచ్చే జబ్బును చూసి పెట్టింది. పిచ్చికుక్క నీళ్లు తాగినా తాగుద్ది."

చెన్నకేశవరావు నవ్వాడు. రజియా నవ్వలేదు. శిక్షణ రోజుల్లో తాను చూసిన, పిచ్చికుక్క కరిచిన ఒకాయన గురించి చెప్పింది. దాహంతో అల్లాడుతూ గ్లాసు అందుకున్నాడు. నోటిదాకా తెచ్చాడో లేదో, గొంతు బిగుసుకుపోయి గ్లాసు విసిరికొట్టాడు. రెండో రోజుకల్లా పోయాడు.

"ఆ భయం కనపడ్డాక వేసే సూది నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. ఇవ్వాళైతే ఉంది. లే పిన్నీ."

వీరరాఘవమ్మ మొగుడి మొహం చూడకుండానే లేచింది. రజియా ఆమెను కుళాయి కింద కూర్చోబెట్టి, పావుగంటసేపు సబ్బుతో గాయం కడిగింది. తర్వాత చెన్నకేశవరావు వైపు తిరిగింది.

"నీ చేతులు చూపించు. నీళ్లు పెట్టేటప్పుడు కుక్క నాకిందా?"

పత్తికాయల మొనలు గీరిన చేతులు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నాకింది" అన్నాడు.

"ఆటో పిలువు. ఇద్దరూ పదండి."

నాలుగో రోజున రెండో సూది వేయించుకుని ఇంటికొచ్చేసరికి కుక్క గొలుసుకే చచ్చి పడి ఉంది. మూడో సూదికి చెన్నకేశవరావు అందరికంటే ముందు వచ్చి ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నాడు. రజియా కనపడగానే లేచి నిలబడ్డాడు. సర్పంచిగా ఉన్న పదేళ్లలో ఆమె కోసం ఆయన ఒక్కసారీ లేవలేదు.

"నువ్వు రాకపోతే మీ పిన్నిని నా చేతులతో నేనే చంపుకునేవాణ్ణమ్మాయ్."

రజియా కాదనలేదు. చొక్కా చెయ్యి పైకి మడవమంది.