పండితుడి కోసం ప్రార్థన

మొన్న శుక్రవారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రార్థన అవసరతలు అడుగుతుంటే, కొత్తగా వచ్చిన నర్సమ్మాయి తను ఏనాడూ చూడని మనిషి కోసం ప్రార్థించమంది. నాకు నవ్వొచ్చింది. ఈ అరబ్బు దేశంలోనే, సీబ్ అనే ఊళ్లో ఉండిన సారు గుర్తొచ్చారు.

రెండు వేల పదిహేను ప్రాంతంలో ఆసుపత్రి తరఫున ఆయన ఇంటికి నర్సుగా డ్యూటీకి వెళ్లేదాన్ని. స్పెయిన్ దేశస్థుడు, డెబ్బై దాటిన గుండె రోగి. పాత అరబ్బీ రాతప్రతులు చూసుకోవడానికి వచ్చి అద్దె విల్లాలో ఉండేవారు. ఇల్లంతా కాఫీ వాసన. ఉప్పులేని సూప్ పెడితే చిన్నపిల్లాడిలా మూతి ముడిచేవారు. బీపీ చూస్తున్నంతసేపూ ఒకే మనిషి గురించి చెప్పేవారు. "అరబ్బులు మా దేశాన్ని ఏలిన చరిత్రను వాళ్ల రాతల్లోంచే రాయాలని పూనుకున్నాడమ్మా. రాజు మారితే దేశం విడిచి పారిపోయాడు. తిరిగొచ్చినా సుఖపడలేదు. పుస్తకం అచ్చులో ఉండగా..." అంటూ అక్కడే ఆగిపోయేవారు. చెయ్యి చల్లబడేది, నాడి పరుగెత్తేది. నాకూ భయమేసేది. పాపం, ఈయన స్నేహితుడికి ఎంత కష్టం వచ్చిందో అనుకుని సంఘంలో లేచి నిలబడి చెప్పాను. అందరూ వారం వారం కన్నీళ్లతో ప్రార్థించారు.

ఆ సంగతి గొప్పగా చెబితే సారు పడీపడీ నవ్వారు. "ఆయన పోయి రెండు వందల ఏళ్లు కావస్తోందమ్మా! మిగిలిన భాగాలు స్నేహితులు అతికించి అచ్చేశారు. అందులోని తప్పులన్నీ తర్వాతివాళ్లు ఆయన నెత్తినే రుద్దారు." నవ్వు ఆగిపోయింది. "ఆయన మీద నేను రాస్తున్నదీ సగంలోనే ఉంది." సారు భయమేమిటో నాకప్పుడు తెలిసింది. సంఘంలో పెద్దక్క నన్ను చడామడా తిట్టింది. "చనిపోయినోళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం కదా అమ్మాయ్! కనుక్కోవద్దా?"

గుండె ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద సారు నా మణికట్టు పట్టుకున్నారు. "ఈసారి మీవాళ్లకు నా గురించి చెప్పు. నేనింకా బతికే ఉన్నాను కదా, అభ్యంతరం ఉండదు." ఎందరినో థియేటర్‌కు తీసుకెళ్లిన దాన్ని, ఆ రోజు తలుపు మూసుకున్నాక కూడా అక్కడే నిలబడిపోయాను. ప్రాణమైతే దక్కింది కానీ మాట సరిగా రాలేదు. కూతురు వచ్చి నాకు ఫోన్ నంబరు ఇచ్చి, తండ్రిని వాళ్ల దేశం తీసుకెళ్లిపోయింది.

ఆ నంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మొదట్లో తీరిక లేక చెయ్యలేదు, ఇప్పుడు భయమేసి చెయ్యడం లేదు. పోయారని తెలిస్తే ప్రార్థన మానెయ్యాలి. అందుకే ఏమీ కనుక్కోకుండా ప్రతి శుక్రవారం లేచి, "మా సారు పుస్తకం పూర్తికావాలి" అంటాను. పెద్దక్క నావైపు చూసి, తలవంచి ఆమేన్ అంటుంది. నాకు జుట్టు నెరిసింది, మోకాళ్లు నొస్తున్నాయి. సారుకు మాత్రం ఆ రోజు పొద్దున్న ఉన్న వయసే ఇంకా ఉంది.