తిప్పుడు తుపాకి మీద ప్రిండిల్ మాట

ఆ తుపాకిని పొగిడిన పెద్దలందరికీ పతకాలూ పదవులూ వచ్చాయి. దాన్ని నిజంగా పరీక్షించిన అసాహెల్ ప్రిండిల్‌కు మాత్రం చేతి మీది సార్జెంటు చారలు ఊడగొట్టారు. పక్కనే నిలబడి చూసినవాణ్ణి నేను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

ప్రిండిల్ వెర్మాంట్‌లో తుపాకులు బాగుచేసేవాడు, మా దళానికి సార్జెంటు. అమెరికా అంతర్యుద్ధం రోజులవి. 1864 వేసవిలో పీటర్స్‌బర్గ్ ముట్టడిలో మేం కందకాల్లో ఎలుకల్లా బతుకుతున్నాం. ఆ రోజుల్లో వచ్చింది ఆ తుపాకి. ఆరు గొట్టాలు, వెనక ఒక పిడి. పిడి తిప్పితే తూటాలు వరసగా దూసుకుపోతాయి.

"ఇది తుపాకి కాదురా, మా ఆవిడ కాఫీగింజలు పొడిచేసే మర!" అన్నాడు దాని దగ్గర పనికి వేసిన సైలస్ టట్ల్. ఊళ్ళో అతనిది పాల వ్యాపారం.

దాన్ని పరీక్షించి రాసివ్వమని కెప్టెన్ లోరిమర్ ప్రిండిల్‌కు చెప్పాడు. పొడినేల మీద అది గంటసేపు ఆగకుండా పేలితే అధికారులు చప్పట్లు కొట్టారు. ప్రిండిల్ కొట్టలేదు. కందకంలోకి దింపి, మూడు రోజులు వానలో, బురదలో కాల్చి చూశాడు. నలభై తూటాలకొకసారి తూటా రాగి గుల్ల చీలి గొట్టంలో ఇరుక్కునేది. దాన్ని ఊచతో పొడిచి తీసేదాకా తుపాకి మూగదే.

అతను రాసింది నాలుగే మాటలు. మీదికి ఉరికొచ్చే గుంపును ఆపడానికి ఇది బంగారం. మట్టిగోడ వెనక దాగినవాణ్ణి ఏమీ చెయ్యలేదు. గోడ మాటున కిందికి పెట్టాలి. తూటాలు మార్చేదాకా నమ్మకూడదు.

"తుపాకి చూడమంటే నాకు యుద్ధం నేర్పుతున్నావేంటయ్యా? రేపు పైవాళ్ళొస్తున్నారు. మెరక మీద పెడితేనే బాగా కనబడుద్ది," అన్నాడు లోరిమర్.

"మనోళ్ళకి కనబడితే అవతలోళ్ళకీ కనబడుద్ది సార్."

లోరిమర్ ఆ కాగితాన్ని మా కళ్ళముందే చించేశాడు.

మర్నాడు ఉదయం మెరక మీద తుపాకి మోగింది, అంతలోనే ఆగింది. గుల్ల ఇరుక్కుంది. ఊచ పట్టుకుని సైలస్ వంగాడు. అవతలి కందకం నుంచి వచ్చిన గుండు అతని మెడలో దిగింది. పైవాళ్ళు వెళ్ళాక లోరిమర్ రాయించిన నివేదిక ఇది: తుపాకి శ్రేష్ఠం, సైనికుడి అజాగ్రత్త వల్ల నష్టం జరిగింది.

ప్రిండిల్ సైలస్ చావు మీద విచారణ జరుపుతున్న అధికారుల గుడారంలోకి దూసుకెళ్ళాడు.

"అజాగ్రత్త ఆయనది కాదు సార్, మెరక మీద పెట్టించినోళ్ళది! చెప్పినా వినని చెవులకి శిక్ష లేదా?"

శిక్ష ఉంది, అతనికే పడింది. సార్జెంటును మామూలు సిపాయిని చేశారు. లోరిమర్‌ను మేజర్‌ను చేశారు.

యుద్ధం ముగిశాక ప్రిండిల్ తన ఇంటికన్నా ముందు సైలస్ ఇంటికి వెళ్ళాడు. అజాగ్రత్త అని రాసిన ప్రభుత్వ ఉత్తరం సైలస్ భార్య కెజయా చేతిలో ఉంది.

"అది అబద్ధమమ్మా," అన్నాడు ప్రిండిల్.

"నాకు తెలుసు బాబూ. పాలక్యాను మోస్తూ ఒక్క చుక్క ఒలకబోసే మనిషి కాడు. కానీ ఊరికి తెలియద్దూ?"

ఆ ఆదివారం చర్చిలో, ఊరంతా వింటుండగా, జరిగింది జరిగినట్టు లేచి చెప్పాడు ప్రిండిల్. లోరిమర్ పేరు చెప్పేటప్పుడు గొంతు ఏమాత్రం తగ్గించలేదు. ముందు వరసలో కూర్చున్న కెజయా తల ఎత్తుకునే ఉంది.