దళవాయి రాయికి చెంబెడు నీళ్ళు

మా చిన్నప్పుడు... మా మిరప చేలో ఓ చోటికి రాగానే ట్రాక్టరు కూడా పక్కకు తిరిగి వెళ్ళేది. అక్కడ దళవాయి రాయి ఉండేది మరి!

నడుమెత్తు నల్లరాయి. దాని మీద కత్తి దూసిన మనిషి బొమ్మ. ముక్కూ మొహం ఎప్పుడో అరిగిపోయాయి, మీసాలు మాత్రం మిగిలాయి.

పర్చూరు వైపు పల్లె మాది. మూడు కిలోమీటర్ల అవతల మా నాయనమ్మ పుట్టిల్లు. ఎప్పుడో రాజుల కాలంలో రాజ్యం కోసం అన్నదమ్ములు కొట్టుకుంటే, ఈ రెండు ఊళ్ళూ చెరోవైపు చేరాయట. మా ఊరి రైతుల్ని కూడగట్టి యుద్ధానికి నడిపించిన దళవాయి ఇప్పుడు రాయి ఉన్న ఆ నల్లరేగడిలోనే కూలిపోయాడు. పోయేముందు దాహమని అడిగితే నాయనమ్మ ఊరివాళ్ళు గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వలేదట...

అందుకని ఏటా మిరప కోతలప్పుడు ఆ ఊరి ఆడపడుచు ఎవరైనా ఆ ఊరి బావి నీళ్ళు తెచ్చి రాయి మీద పోయాలి. మా ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచీ అది నాయనమ్మ పనే. "చంపినోళ్ళం మేమే, దాహం తీర్చాల్సిందీ మేమే" అనేది... ఆ యుద్ధానికి తనే వెళ్ళొచ్చినట్టు!

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ మంచం దిగలేకపోయింది. ఇత్తడి చెంబు నా చేతిలో పెట్టి, "నా మనవరాలివేగా, నువ్వు తెచ్చినా ఒకటే. దారిలో కింద పెట్టమాక, ఎంగిలి చెయ్యమాక" అని ఒకటికి పదిసార్లు చెప్పింది. నేనేమో ఏదో పెద్ద పదవి వచ్చినట్టు తలెగరేసుకుంటూ బయల్దేరాను.

ఆ ఊరి బావి దగ్గర, ఎస్టీడీ బూత్ పక్కన సైకిళ్ళు బాగుచేసే ఖాసిం తాత చేదతో నీళ్ళు తోడి చెంబు నింపాడు. "జాగ్రత్తమ్మా, మా ఊరి పరువు నీ చేతిలో ఉంది" అన్నాడు.

ఆ పరువు సగం దారి వరకే నిలిచింది.

దారికి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నడినెత్తిన ఎండ. గాలి వీచిందంటే ఆ ఘాటంతా నా గొంతులోకే... దగ్గీ దగ్గీ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఒక్క గుక్కేగా అనుకున్నాను. చెంబు దించేసరికి అడుగు కనిపించింది.

వెనక్కి వెళ్ళాలంటే మళ్ళీ అంత దూరం. ఏం చేశాననుకున్నారు? తిన్నగా మా చేలోకి వెళ్ళి, బోరు నీళ్ళు పట్టి రాయి మీద పోసేశాను. ఆ మీసాల వంక చూడటానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ మంచంలోంచే అడిగింది... "ఏమే, మా ఊరి నీళ్ళేనా?"

తలూపాను.

"బతికించావు తల్లీ" అంటూ నా తల నిమిరింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మళ్ళీ కోతలు రాకముందే నాయనమ్మ పోయింది. నిజం చెప్పనేలేదు. ఆ తర్వాత రాయిని పట్టించుకున్నవాళ్ళూ లేరు.

మొన్న కోతలప్పుడు అదే చెంబు పట్టుకుని నాయనమ్మ ఊరికి వెళ్ళాను. ఖాసిం తాత లేడు. బావి పూడ్చేసి అక్కడే వాటర్ ట్యాంకు కట్టారు. దాని కింది పంపులో చెంబు నింపుకుని మూడు కిలోమీటర్లూ నడిచాను. ఆటోవాళ్ళు ఆపి మరీ ఎక్కమన్నారు, ఎక్కలేదు. అదే ఎండ, అదే ఘాటు... దాహమైంది. తాగలేదు.

కౌలుకిచ్చిన మా చేలో, కంప మధ్య రాయి ఇంకా ఉంది. కంప తొలగించి, చివరి చుక్క దాకా పోశాను. ఈసారి ఆ మీసాల వంక చూశాను కూడా.

ఇంటికొచ్చి ఖాళీ చెంబు వాకిట్లో దించాను. ఇవాళ నిజంగానే నాయనమ్మ ఊరి నీళ్ళు పోసొచ్చాను... అడిగే మనిషే లేదు.

మీరూ ఇంట్లో పెద్దవాళ్ళతో ఇలాంటి అబద్ధం ఏదైనా ఆడి ఉంటే కింద రాయండి... ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం, ఇక్కడ కాదు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పండి.