కాళ్లు చాపి తొక్కే సైకిలు

ఎనభైల్లో మాట. నంద్యాల బస్సు దిగి, అహోబిలం పైగుడికి కొండదారిన ఎక్కుతున్నాం. చంకలో నడక రాని పిల్ల. రాళ్ల మీద జారిపడతానేమోనని, వెనక్కి పోదామన్నాను. ఆళ్లగడ్డలో పుట్టి పెరిగిన మా అత్తగారు వినలేదు. పిల్లను పైగుడి స్వామికి చూపిస్తానని ఆమె మొక్కుకుంది.

అంతలో వెనకనుంచి ఒక తెల్లదొర వింత సైకిలు మీద వచ్చాడు. పడక్కుర్చీలో వాలినట్టు వెల్లకిలా వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కుతున్నాడు. అత్తగారు దారికి అడ్డం నిలబడింది.

"ఏందప్పా ఇది? సామి తట్టు కాళ్లు చాపుకోని పోతాండావ్! దిగు!"

ఆమె మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. అతను సిగ్గుపడి దిగాడు.

"మరి ఇప్పుడెలా వెళ్లను?" అన్నాడు.

"తోసుకోని రమ్మను. సీటు ఖాళీగా ఎందుకు?" అంటూ అత్తగారు పిల్లను లాక్కుని అందులో పడుకోబెట్టి, తువ్వాలుతో కట్టేసింది. నా పై ప్రాణం పైనే పోయింది. ఒక చేయి పిల్ల మీదే ఉంచి పక్కన నడిచాను. అది మాత్రం ఆకుల్ని చూసి కిలకిలా నవ్వుతోంది. దొర చెమటలు కక్కుతూ తోస్తున్నాడు.

"అత్తా, దీని కాళ్లూ సామి వైపే ఉన్నాయి కదా?"

"నడక రాని కాళ్లకు తప్పేందమ్మే? పద బేగా!" అంటూ తన కొబ్బరికాయల సంచీ కూడా ఆ సైకిలుకే తగిలించింది.