రక్తదాతల జాబితాలో రెండో పేరు

నలుగురి ముందు ఒక మనిషిని అబద్ధాలకోరు అన్నదాన్ని నేను. సాక్ష్యంగా చూపించింది నేనే రాసిన ఇరవై లైన్ల కంప్యూటర్ ప్రోగ్రామును. ఆ మనిషి మా పక్క క్వార్టర్‌లో ఉండే అక్క. ఆమె మాట నిలబడుతుందా, మా క్వార్టర్ల వరసలో ఇక ముందులా తలెత్తుకుని తిరగగలదా అన్నది ఒక్క పూటలో తేలిపోయింది. తేల్చింది నేను కాబట్టి ఈ సంగతి చెప్పాల్సిందీ నేనే.

నాది చిన్నప్పటినుంచీ అనుమానం బుద్ధి. గ్యాస్ బండ వస్తే సీలు చూసి, ఊపి చూసి, మళ్లీ సీలు చూస్తాను. ఎవరైనా ఊరికే నవ్వితే ఎందుకు నవ్వారా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటాను. "నిన్ను కట్టుకునేవాడి జేబులే కాదు, జేబుల కుట్లు కూడా విప్పి సూస్తావే నువ్వు" అనేది మా అమ్మ. అయితే ఛత్తీస్‌గఢ్‌లో నక్సలైట్ల అడవుల మధ్య ఉన్న మా ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో ఇదేమంత వింత కాదు. బస్సెక్కితే సంచి విప్పించేవారు. కొత్త మనిషి కిరాణా కొట్టు ముందు రెండుసార్లు కనబడితే మూడోసారి ఎవరింటికి వచ్చాడో కనుక్కునేవారు. రైలు రాకపోతే ఎందుకు రాలేదని ఎవరూ పైకి అడిగేవారు కాదు, ఎవరి ఊహ వాళ్లు చేసుకునేవారు. అందరిలోనూ కాస్తో కూస్తో ఉన్న ఆ గుణం నాలో రెండు పాళ్లు ఎక్కువ, అంతే.

మా నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మాది విజయనగరం వైపు, అక్కావాళ్లది శ్రీకాకుళం వైపు. ఆమె భర్త ట్రాక్ మీద పనిచేసేవాడు. నేను డిగ్రీ అయిపోయి, ఉద్యోగం లేక, ఇంట్లో కూర్చుని అందర్నీ అనుమానిస్తున్న రోజుల్లో తెలుగు సంఘం హాలుకి ఒక కంప్యూటరు వచ్చింది. గని ఆఫీసులో కంప్యూటర్లు చూసే సారు ఒకాయన ఆదివారం మధ్యాహ్నాలు వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పిస్తానన్నాడు. ఊరికే నేర్పిస్తానన్నాడు కాబట్టి ఆయన మీద కూడా నాకు అనుమానం వచ్చింది. ఎందుకైనా మంచిదని మొదటి రెండు వారాలు తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

మూడో వారం ఆయన మమ్మల్నందర్నీ కిటికీ దగ్గరికి పిలిచాడు. ఎదురుగా సైడింగ్‌లో, పక్క పట్టాల మీద గూడ్సు బండి ఆగి ఉంది.

"ఆ వ్యాగన్ మీద నంబర్ రాసుంది, చూశారా? అది మారదు. లోపల మాల్ మారుతుంది. ఈరోజు లంప్, రేపు ఫైన్స్. వైజాగ్ నుంచి వాపస్ వచ్చేటప్పుడు ఖాలీ. నంబర్ చెప్తే లోపల ఏముందో అది మనకి దొరకాలి. వేరియబుల్ అంటే అంతే."

లంప్ అంటే గడ్డలుగా ఉండే ఇనుప ఖనిజం, ఫైన్స్ అంటే పొడి. రెండూ కలిపి ఎవరూ నింపరు. దింపే చోట యంత్రాలు వేరు, కొనేవాళ్లు వేరు. ఈ సంగతి మా కాలనీలో నడవడం వచ్చిన పిల్లలకి కూడా తెలుసు. అందుకని డేటా టైపులు మాకు తేలిగ్గానే ఎక్కాయి. వేరియబుల్‌లో పెట్టే సరుకు ఒక్కోసారి అంకె, కూడికలకీ తీసివేతలకీ పనికొచ్చేది. ఒక్కోసారి అక్షరాల వరస, దాన్ని స్ట్రింగ్ అంటారు, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడతారు. ఒక్కోసారి ఉత్త అవును, కాదు, రెండిట్లో ఒకటి. అది బూలియన్. సరుకు రకం తెలియకుండా దాంతో పని చేయించకూడదని సారు బోర్డు మీద పెద్దగా రాసి కింద గీత గీశాడు.

నాకు మాత్రం చూస్తేగానీ నమ్మకం కుదరదు. పేజీలో ఒక గడి పెట్టి అందులో నా వయసు ఇరవై మూడు అని కొట్టి, వచ్చే ఏడాదికి ఎంతవుతుందో చెప్పమని ఒకటి కలిపాను. రెండు వందల ముప్పై ఒకటి అని వచ్చింది. సంఘంవాళ్లు ఎక్కడో పాడైపోయిన కంప్యూటరు తెచ్చి మా నెత్తిన పెట్టారనుకున్నాను. అదే మాట సారుతో అన్నాను కూడా.

ఆయన నవ్వాడు. గడిలో మనం ఏం కొట్టినా అది పేజీకి అక్షరాలుగానే చేరుతుందట. ఇరవై మూడు దానికి అంకె కాదు, రెండు, మూడు అనే రెండు గుర్తులు. వాటి పక్కన ఒకటిని అతికించింది. ముందు దాన్ని అంకెగా మార్చి అప్పుడు కలపాలి. ఇంతకీ లోపలున్నది ఏ రకమో నిలదీసి అడగడానికి ఒక మాట కూడా ఉందని చూపించాడు. టైపాఫ్ అని రాసి వేరియబుల్ పేరు పెడితే అది స్ట్రింగో, నంబరో, బూలియనో చెప్పేస్తుంది. నా ప్రాణం లేచొచ్చింది. మనుషుల విషయంలోనూ అలాంటి మాట ఒకటుంటే ఎంత బావుండేదో అనుకున్నాను. ఆ తరవాత నేను రాసిన ప్రతి రెండో లైనులో టైపాఫ్ ఉండేది.

"ఈ అమ్మాయికి శక్ ఎక్కువ. మంచి ప్రోగ్రామర్ అవుతుంది" అన్నాడు సారు అందరి ముందూ. నేను గాల్లో తేలిపోయాను.

ఆ పొగడ్త విని సంఘం పెద్దాయన నాకో పని అప్పగించాడు. మా ఊళ్లో ఎవరికైనా రక్తం కావాలంటే ఇచ్చే మనుషుల్ని ఇంటివాళ్లే వెతికి తెచ్చుకోవాలి. జగదల్‌పూర్ బ్లడ్ బ్యాంకుకి పోయి తేవాలంటే దారిలో గంటలు గడిచిపోయేవి. అందుకని మనవాళ్లందరి రక్తం గ్రూపులూ ఒకచోట ఉండాలి, పేజీ చెయ్యమ్మా అన్నాడు. నాలుగు గడులు పెట్టాను. పేరు, క్వార్టర్ నంబరు, గ్రూపు, చివర్లో 'రక్తం ఇస్తారా?' అని ప్రశ్న. ఇవ్వనివాళ్లు కూడా గ్రూపు మాత్రం రాయండి, రేపు మీకే అవసరం పడొచ్చు అని పెద్దాయన ఇంటింటికీ చెప్పాడు.

చివరి గడిలో ఏముంటే అది ఒక వేరియబుల్‌లో పడుతుంది. ఆ వేరియబుల్ అవునంటే పేరు దాతల జాబితాలో చేరాలి, లేకపోతే చేరకూడదు. నా పేరు కొట్టి 'యెస్' అని రాశాను, జాబితాలోకి వచ్చింది. మళ్లీ కొట్టి చివరి గడి ఖాళీగా వదిలేశాను, రాలేదు. రెండుసార్లూ సరిగ్గా పనిచేసింది కదా అని ఊరుకున్నాను. గ్యాస్ బండని మూడుసార్లు చూసే మనిషిని, దీన్ని రెండుసార్లతో వదిలేశాను.

ఆదివారం చర్చి నుంచి కొందరు, భోజనాలయ్యాక కొందరు వచ్చి ఒంటివేలితో కొట్టి వెళ్లారు. అక్క కూడా వచ్చింది. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటూ చాలాసేపు కూర్చుంది. నేను వెనక నుంచుంటే, "నువ్వలగ పోయే, నాను కొడతాను" అని పంపేసింది. లేచేముందు, "ఇది ఎవులు సూత్తారే?" అని అడిగింది. నాలుగు గడులు నింపడానికి ఈమెకి ఇంత గుట్టెందుకా అని నాకు అప్పుడే ఏదోలా అనిపించింది. మనసులో పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. భోపాల్‌పట్నం వైపునుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీ భార్య పురిటికి చేరింది. రక్తం బాగా పోతోంది, ఓ నెగెటివ్ కావాలి. జాబితా తీస్తే ఆ గ్రూపులో రెండే పేర్లున్నాయి. మొదటిది ఒక రైలు గార్డుగారిది, ఆయన డ్యూటీ మీద పొద్దున్నే బండితో వైజాగ్ వైపు వెళ్లిపోయాడు. రెండోది అక్కది. ఆ కూలీ భార్య తల్లిని వెంటబెట్టుకుని, ఆటో మాట్లాడుకుని, జాబితా కాగితం పట్టుకుని మా వరసకి వచ్చాను. పొద్దున పదవుతోంది. అక్క కుళాయి దగ్గర బిందెతో నుంచుని ఉంది, చుట్టూ మరో ఐదారుగురు ఆడవాళ్లు.

"అక్కా, నీది ఓ నెగెటివ్. ఆసుపత్రికి రా, ఆటో తెచ్చాను."

"నాకవ్వదే" అంది.

"ఇస్తానని రాశావు కదా?"

"నానలగ రాయనేదు."

"రాయకపోతే నీ పేరు ఇందులోకి ఎలా వచ్చింది?"

"ఆ మిషను సంగతి నాకేటి తెలుసు? నాను మాత్రం రాయనేదు."

నా వెంట వచ్చిన ఆ పెద్దావిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏందమ్మా, ఇస్తదా ఇయ్యదా? ఏదో ఒకటి చెప్పున్రి. నా బిడ్డ ఆడ పండి ఉన్నది" అంది. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం అక్క మొహం ముందు ఆడించాను. మిషను అబద్ధం చెప్పదన్నాను. రాసేటప్పుడు నన్ను పక్కకి పొమ్మన్నది ఇందుకే, మాట మార్చాలనే అన్నాను. ఆఫీసరు భార్యకైతే పరిగెత్తుకుంటూ వచ్చేదానివి, కూలిమనిషి కాబట్టి నీకు లెక్కలేదన్నాను. చివరికి, "ఇంత అబద్ధాలకోరువని తెలీదక్కా" అన్నాను.

అక్క బిందె కింద పెట్టింది.

"నా రగతం ఎవులికీ పనికిరాదే. అందులో కామెర్ల పురుగుంది. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు పరీచ్చల్లో బయటపడింది. నాకేటీ అవ్వదు గానీ, జన్మలో ఎవులికీ రగతం ఇవ్వొద్దన్నాడు డాకటరు. మా ఆయనకి తప్ప ఎవులికీ తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా, ఇక ఊరుకో."

ఒకావిడ కుళాయి కింద ఉన్న తన బకెట్టుని చప్పుడు కాకుండా పక్కకి జరుపుకుంది. నేను అది చూశాను, అక్కా చూసింది. నా వెంట వచ్చిన పెద్దావిడ అక్క చేయి పట్టుకుని, "నువ్వేం జేస్తవు బిడ్డా" అని, గబగబా ఆటో ఎక్కింది. ఆ మధ్యాహ్నం ఊరి బయట పోలీసు క్యాంపు నుంచి అదే గ్రూపు జవాను ఒకతను వచ్చి రక్తం ఇచ్చాడు. తల్లీ పిల్లా బతికారు.

సిగ్గుపడాల్సిన చోట నాకు సిగ్గు రాలేదు, ఇంకో అనుమానం వచ్చింది. ఇది కూడా తప్పించుకోడానికి చెప్పిన మాటేమో అనుకున్నాను. రుజువు కోసం హాలుకి వెళ్లి, అందరూ కొట్టిన మాటలు చేరే ఫైలు తెరిచాను. అక్క పేరు, క్వార్టర్ నంబరు, ఓ నెగెటివ్ ఉన్నాయి. చివర్లో ఇంగ్లీషు అక్షరాల్లో 'లేదు' అని ఉంది.

తరవాత సారుని పిలిపించాను. ఆయన ప్రోగ్రాము ఒకసారి చదివి చెప్పాడు. "వ్యాగన్ ఖాలీనా, భర్తీయా అని మాత్రమే నువ్వు చూశావు. లోపల మాల్ ఏంటో చూడలేదు." గడిలో ఏ అక్షరాలున్నా సరే, ఖాళీ కానంతవరకూ, నేను అడిగిన ప్రశ్నకి కంప్యూటరు అవుననే అంటుందట. లేదు అన్నది మనకి కాదనడం. దానికి నాలుగు అక్షరాల స్ట్రింగ్, అంటే ఏదో ఉన్నట్టు లెక్క. ఆ స్ట్రింగ్‌ని నేనే చదివించి, అవును అంటేనే అవును అని బూలియన్‌గా మార్చాలి. ప్రతి రెండో లైనులో టైపాఫ్ రాసుకునే నేను ఆ ఒక్క వేరియబుల్‌ని అడగలేదు. దిద్దడానికి ఒక్క లైను పట్టింది. జాబితాలో అలా చేరిపోయిన మరో రెండు పేర్లు కూడా జారిపోయాయి.

మర్నాడు కుళాయి దగ్గర అందరికీ చెప్పాను. తప్పు నాది, అక్క ఇవ్వననే రాసింది అన్నాను. డాక్టరుని అడిగి తెలుసుకున్నది కూడా చెప్పాను. ఆ కామెర్ల పురుగు హెపటైటిస్ బి, అది తిండి వల్ల రాదు, చేయి తగిలితే రాదు, గ్లాసు వల్ల రాదు. అందరూ తలలూపారు, అయ్యో పాపం అన్నారు. అక్క అబద్ధం ఆడలేదని నమ్మడానికి ఎవరికీ అరక్షణం పట్టలేదు. కానీ అంతకుముందు బడినుంచి వస్తూనే ఆమె వంటింట్లో దూరి పాకుండల డబ్బా ఖాళీ చేసే వరసలోని పిల్లలు ఇప్పుడు తిన్నగా ఎవరి ఇళ్లకి వాళ్లు పోతున్నారు. సంఘం భోజనాలకి పులిహోర ఎప్పుడూ ఆమే కలిపేది. ఆ నెల ఎవరూ ఆమెని పిలవలేదు. ఒకరినొకరు అడిగి చేసిన పనేమీ కాదు, దానంతటది జరిగిపోయింది.

వారం తరవాత ధైర్యం కూడదీసుకుని అక్క ఇంటికి వెళ్లాను. కూర్చోమంది. "ఫైలు తీసి చూశానక్కా, నువ్వు లేదనే రాశావు" అన్నాను.

"నానేటి రాసినానో నాకు తెలీదేటే? నాను చెప్తే నమ్మనేదు, అది చెప్తే నమ్మినావు" అంది. కోపంగా కూడా అనలేదు. లోపలికి వెళ్లి టీ కలిపి తెచ్చి, గ్లాసు నా చేతిలో పెట్టింది.

డాక్టరు చెప్పింది నేను విన్నాను. పదిమందికి చెప్పాను. అయినా గ్లాసు పట్టుకున్న చేయి పైకి లేవలేదు. అంచు వైపు చూశాను. ఒక్క క్షణమో, రెండు క్షణాలో. అంతకంటే లేదు.

అక్క చూసింది. చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఏడిగా ఉన్నట్టుందిలే, సల్లారనీ" అంది.

టీ అంత వేడిగా ఏమీ లేదు.