ఇంక కాలు తీయమ్మా

గుంతకల్లు దారిలో రైల్వే గేటు పడింది. నాయన పాత కారు ఆగిన చోటల్లా ఇంజను ఆగిపోయేది. మళ్లీ కదలాలంటే ఎవరో ఒకరు తోయాలి. అందుకే బండి నిలబడినా నేను యాక్సిలరేటరు మీది కాలు తీసేదాన్ని కాదు.

వెనక శనక్కాయల లారీ డ్రైవరు స్క్రూడ్రైవరు పట్టుకుని దిగివచ్చాడు.

"ఏమ్మా, బండిని ఊరికే అరిపిస్తాండావే?"

"కాలు తీస్తే ఆగిపోతాదన్నా. రెండేండ్ల నుంచి ఇంతే."

బానెట్ ఎత్తి, కార్బురేటరు పక్కనున్న చిన్న స్క్రూ తిప్పాడు.

"ఇంక కాలు తీయమ్మా."

భయపడుతూనే తీశాను. ఆయన చెవి పెట్టి విని, స్క్రూను రవ్వంత వెనక్కి తిప్పాడు. ఇంజను సన్నగా, దాని పాటికది తిరుగుతూనే ఉంది.

ఆయన వెళ్లి లారీ ఎక్కాడు. గేటు లేచింది. నేను కాలు యాక్సిలరేటరుకు దూరంగానే పెట్టి, ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాను. బండిని ఎంతసేపు కదిలించలేదో తెలియదు. వెనక లారీ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు.